అలయా, పొలుసా, విసనకఱ్ఱయా?

పండ్రెండు సంవత్సరముల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవమున నేనొక ఉపన్యాసము చేసితిని. విషయము అలంకారచిత్రములు. ఆనాడు నేను చెప్పిన దిది: అమరావతీస్తూపపు కంచెస్తంభములపై మీద నొకటియు, అడుగున నొకటియు అర్ధపద్మములు చెక్కబడియున్నవి. ఆ అర్ధపద్మము విప్పిన విసనకఱ్ఱవలె నుండును. బౌద్ధధర్మముతో పాటు అది చీనాదేశము మీదుగా జపాను చేరినది. అచ్చట వరుసలు వరుసలుగా పేర్చబడి, నేడు లోకప్రసిద్ధమైన విసనకఱ్ఱల అల్లికగా మాఱినది. కావున జపానువారి పట్టుబట్టలపై మనము చూచుచున్నది మన కృష్ణాతీరపు తామరపువ్వే. సభ కరతాళధ్వనులతో మాఱుమ్రోగినది. నాకును మిక్కిలి సంతోషము కలిగినది.

గత వేసవిలో నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. అతడు వస్త్రములపై అచ్చువేయు చిత్రములను కూర్చు విద్య నభ్యసించుచున్నాడు. కుశలప్రశ్నలైన పిమ్మట, "మాస్టరుగారూ, ఆనాడు మీరు చెప్పిన మాట మా తరగతిలో చెప్పినాను. ఆధారమేమని అడిగినారు. ఏమి చెప్పమంటారు?" అనెను. పుస్తకములు చూచి తెలిపెదనని పంపివేసితిని. పిమ్మట నెలల తరబడి దొరకిన గ్రంథములన్నియు చూచితిని. ఆధారము లేదు. లేకపోవుటయే కాదు, విరుద్ధమైన ఆధారము కలదు. ఈ వ్యాసము ఆ విద్యార్థికి నేను పడిన బాకీ. నావంటి ఉపన్యాసములు ఇతరులును చేయుచుందురు గనుక పదిమంది ముందే తీర్చుచున్నాను.

మొదట చిత్రమేదో స్పష్టపఱచవలెను. ఒక కాగితముపై వృత్తలేఖినితో సమానమైన వృత్తములను ఒకదాని నొకటి తాకునట్లు వరుసగా గీయుడు. రెండవ వరుసను వ్యాసార్ధమంత ప్రక్కకు జరిపి, వ్యాసార్ధమంత క్రిందికి దింపి గీయుడు. క్రింది వరుస మీది వరుసను కప్పినదని భావించి, కప్పబడిన గీతలను తుడిచివేయుడు. మిగిలిన ఆకారమునకు మీద అర్ధవృత్తము, ఇరుప్రక్కల లోనికి నొక్కుకొనిన రెండు చాపములు, అడుగున మొన యుండును. అది చేపపొలుసు. ఇప్పుడు వరుసలను మఱింత దగ్గఱకు తెచ్చి, వ్యాసార్ధములో సగము మాత్రమే దింపినచో, మీద విశాలమై, వృత్తకేంద్రమునొద్ద సన్నని మెడగా ముగియు ఆకారము మిగులును. అది విసనకఱ్ఱ. దానిలో అదే కేంద్రముతో రెండు మూడు వలయములను గీసినచో అది సముద్రపు అల. విసనకఱ్ఱను గీయవలెనని యెవడును సంకల్పింపలేదు. వృత్తములు ఒకదానిపై నొకటి పడగా, కనబడక పోవలసిన భాగము పోయి, విసనకఱ్ఱ మిగిలినది. నా వాదమంతయు ఈ యొక్క సంగతిపై నిలిచియున్నది గనుక చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను.

ఇచ్చట ఉపాధ్యాయునికి సహజమైన ఒక చాపల్యమును మన్నింపుడు. వ్యాసార్ధము 7 అంగుళములైన వృత్తవైశాల్యమును మా పిల్లలు 22/7 తో గుణించి 154 చదరపు అంగుళములని చెప్పుదురు. ఆ వృత్తమునుండి పుట్టిన పొలుసు వైశాల్యమెంత? మూడు వంకర గీతలుగల ఆకారము గనుక లెక్క కఠినముగా నుండునని అందఱును భయపడిరి. ఒక బాలుడు అట్టముక్కను పొలుసుగా కత్తిరించి, మీది అర్ధవృత్తమును కోసి, దానిని రెండు పాదవృత్తములుగా చేసి, అడుగున ఇరుప్రక్కలనున్న నొక్కులలో పెట్టెను. అవి సరిగా కుదిరినవి. పొలుసు దీర్ఘచతురస్రమైనది: పొడవు 14, వెడల్పు 7, వైశాల్యము 98. వంకరగీతలతోనే కట్టబడిన ఆకారమునకు 22/7 తో పనియే లేకపోయినది. విసనకఱ్ఱ ఆకారమునకు అందులో సగము, 49. బట్టపై ఎంత రంగు పట్టునో, ఎన్ని పొలుసులు కావలెనో లెక్కవేయువానికి ఇంతకంటె సులభమైన ఆకారము లేదు. పనివారు దీనిని కనిపెట్టుటకు యూక్లిడు గ్రంథము అక్కఱలేదు.

మఱియొక లక్షణము. ఈ చిత్రమునకు మీద, క్రింద అను భేదము కలదు. తలముపై అంతులేక పునరావృత్తమగు చిత్రములన్నియు 17 జాతులలోనే యిముడునని రష్యా దేశీయుడైన ఫ్యోదొరోవు 1891లో నిరూపించెను. 1924లో పోల్యా అను గణితజ్ఞుడు దానినే స్వతంత్రముగా తిరిగి సాధించెను. మన పొలుసు చిత్రము కుడియెడమలుగా అద్దములో చూచినను మాఱని జాతి. తలక్రిందులు చేసినచో మాఱును. కాగితమును నిలువుగా నుంచినచో అలలు లేచిన సముద్రము. తలక్రిందులు చేసినచో పెంకుటింటి కప్పు. నీరు జాఱిపోవుటకు చేపకు పొలుసులను, పక్షికి ఈకలను, ఇంటికి పెంకులను ఒకదానిపై నొకటి కప్పునట్లు కూర్చిన క్రమము ఒక్కటియే. ఏథెన్సులో క్రీ. పూ. 335-334లో నిలిపిన లైసిక్రటీసు స్మారకమందిరపు పాలఱాతి కప్పుపైన ఆకులు పొలుసులవలె చెక్కబడియున్నవి. రోమను సైనికుడు ధరించిన పొలుసుకవచమును వారి భాషలో పొలుసు అను మాటతోనే పిలిచిరి.

రోమునగరమునందే ఈ చిత్రమునకు మిక్కిలి సుందరమైన ఉదాహరణము కలదు. కారకల్లా చక్రవర్తి పేర నిర్మింపబడి 216లో తెఱవబడిన స్నానశాలలలో, వ్యాయామము చేయు ముంగిళ్ల నేలపై రంగురాళ్ల ముక్కలతో విసనకఱ్ఱలు వరుసలుగా పేర్చబడియున్నవి. ఒక్కొక్క విసనకఱ్ఱ ఒక్కొక్క రంగు. పదునెనిమిది శతాబ్దములు గడచినను వాని వన్నె పూర్తిగా పోలేదు. రోమునగరపు ఆభరణవ్యాపారసంస్థయైన బుల్గారివారు ఆ రూపమును తమ నగలలో వాడుకొని, ఆ నేలను బాగుచేయుటకు ద్రవ్యము నిచ్చిరి. ఆ పని 2016లో ముగిసినది. అచ్చటి వీథులలో చిన్న నల్లరాళ్లను పఱచు పనివారు నేటికిని ఇట్టి అల్లికనే వేయుదురు. దానికి ఇటలీవారు పెట్టిన పేరు నెమలిపురి. ఒకే ఆకారము. సైనికుని ఒంటిపై పొలుసు, వీథిలో నెమలిపురి.

ఇక జపాను. అచ్చట ఈ చిత్రమును సేయ్‌గాయిహా అందురు. అనగా నీలిసముద్రపు అలలు. ఈ పేరు మొదట చిత్రమునకు కాక, చీనాలో తాంగ్ వంశపు రాజుల కాలమునుండి వచ్చి జపాను రాజాస్థానములో స్థిరపడిన ఒక సంగీతనృత్యమునకు పేరు. 11వ శతాబ్ది ఆరంభమున మురసాకీ షికిబు అను విదుషి రచించిన గెన్‌జీ కథలో నాయకుడు తన మిత్రునితో కలిసి చక్రవర్తి యెదుట ఈ నృత్యమునే చేయును. ఆ నర్తకుల దుస్తులపై అలలు చిత్రింపబడి యుండును. నృత్యము పేరు బట్టకు, బట్టపేరు చిత్రమునకు సంక్రమించినదని చెప్పుదురు. తరువాత గెన్‌రోకు కాలమున, అనగా 1688 మొదలు 1704 వఱకు, సేయ్‌కాయి కాన్‌షిచీ అను పనివాడు ప్రత్యేకమైన కుంచెతో లక్కసామానుపై ఈ అలలను వ్రాయుటలో పేరుపొందెను. వారి లక్క మన బొమ్మల లక్క కాదు; ఒక చెట్టునుండి కారు పాలు. మఱి చాల కాలమునకు షిబటా జెషిన్ అను చిత్రకారుడు (1807-1891) చిక్కబఱచిన ఆ పాలను పూసి, ఆఱకమునుపే దువ్వెనవంటి సాధనముతో గీచి, మఱుగుపడిన ఆ పనిని పునరుద్ధరించెను. దువ్వెనకు ఎన్ని పండ్లో అలకు అన్ని వలయములు. కేంద్రమునుండి చేతిని త్రిప్పుటయే పని.

నా ఉపన్యాసమును కూల్చినది మాత్రము గెన్‌జీయు కాదు, జెషినును కాదు. ఒక కుండ.

5వ శతాబ్దిలో కొరియా ద్వీపకల్పమునుండి జపానునకు ఒక క్రొత్త కుమ్మరిపని వచ్చినది. ఎక్కువ వేడిమిలో కాలిన ఆ బూడిదవన్నె పాత్రలకు సుయే పాత్రలని పేరు. పెద్ద జాడీ చేయునప్పుడు గోడ పలుచబడి గట్టిపడుటకై కుమ్మరి వెలుపల చెక్కతో కొట్టును. కొట్టిన చోట మట్టి లోనికి కుంగకుండ లోపల ఒక అదుపుదిమ్మెను పట్టును. మన యూళ్లలో కుమ్మరులు కడవ కడుపు గుండ్రముగా తేల్చుటకు నేటికిని చేయుచున్న పని యిదియే. సుయే కుమ్మరుల దిమ్మె ముఖముపై, తడిమట్టి అంటుకొనకుండుటకు, వలయములు చెక్కబడియుండెను. దెబ్బ దెబ్బకు దిమ్మె జరుగును. జరిగినకొలది క్రొత్త వలయములు పాతవానిని సగము చెఱిపి పడును. పాత్ర పగిలిన పిమ్మట లోపలి గోడను చూచినచో నీలిసముద్రపు అలలు! పురాతత్త్వజ్ఞులు ఆ గుర్తులకు ఆ పేరే పెట్టిరి. జాడీ లోపల గనుక ఎవరును చూడరు. అలంకారమునకై చేసినది కాదు. కుమ్మరికి సముద్రము తలపునకైన వచ్చియుండదు.

బౌద్ధధర్మము జపాను రాజసభకు చేరినది 6వ శతాబ్దిలో. కుమ్మరి దిమ్మె అంతకుముందే అలలు వేయుచుండెను. అమరావతి తామరపువ్వు పడవ యెక్కకమునుపే ఆ అల ఆ తీరమున నుండెను. కుమ్మరి గుర్తులే తరువాతి చిత్రమునకు మూలమని నేను చెప్పుటలేదు. అట్లన్నచో పాత తప్పునే క్రొత్తగా చేసిన వాడనగుదును. వృత్తములు ఒకదానిపై నొకటి పడిన చోటనెల్ల, ఎవరును నేర్పకయే, ఆ రూపము పుట్టునని మాత్రము ఆ కుండ సాక్ష్యము చెప్పుచున్నది.

ఇంతటితో సందేహము తీరకున్నచో అర్ధపద్మమును మరల చూడుడు. నేను కన్నులారా చూచిన రాతిని కూడ సరిగా చూడలేదని ఇప్పుడు సిగ్గుపడుచున్నాను. పద్మములో ఱేకులు నడిమి దుద్దునుండి కిరణములవలె వెలుపలికి పోవును. అలలో గీతలు కేంద్రముచుట్టు వలయములై తిరుగును. ఒకటి చక్రపు ఆకు. ఒకటి చక్రపు కమ్మి. అంతేకాక అమరావతి అర్ధపద్మము స్తంభమునకు మీదను క్రిందను ఒంటరిగా నిలుచును. ప్రక్కదానిని కప్పదు, దానిచే కప్పబడదు. రెంటికిని గల పోలిక వెలుపలి అంచు ఒక్కటియే. అర్ధచంద్రునకును దోసెలో సగమునకును ఆ పోలిక కలదు.

అట్లయిన చిత్రములు దేశమునుండి దేశమునకు పోవుట యెన్నడును లేదా? ఉన్నది. దీనిపై ఐరోపాలో 19వ శతాబ్ది పండితులు గట్టిగా వాదించుకొనిరి. గోట్‌ఫ్రీడ్ సెంపరు 1860-1863 మధ్య ప్రకటించిన గ్రంథమున అలంకారరూపములను నేత, అల్లిక, కుండపని మొదలగు పనులతోడను, పనిముట్లతోడను ముడివేసెను. అతని శిష్యవర్గము దానిని సాగదీసి, ప్రతి గీతయు మగ్గమునుండి ఊడిపడినదే యనునంత వఱకు పోయినది. వియన్నా ప్రదర్శనశాలలో వస్త్రవిభాగమును చూచుచుండిన ఆలోయిస్ రీగుల్ 1893లో దీనిని ఖండించెను. బట్టలను చేతపట్టి ప్రతిదినము చూచినవాడే బట్టలనుండి సర్వమును పుట్టలేదని చెప్పుట గమనింపదగినది. ఈజిప్టు తామరనుండి గ్రీకుల ఆకుపురి, దానినుండి అరబ్బుల తీగెఅల్లిక, ఇట్లు మెట్టుమెట్టుగా, వస్తువు వెంట వస్తువును చూపుచు అతడు వంశవృక్షమును కట్టెను. గ్రీకుల ఆకుపురియు విసనకఱ్ఱ ఆకారమే. దానికి తల్లిదండ్రులున్నారు, మధ్యనున్న తరములన్నియు కనబడుచున్నవి. పొలుసునకు అట్టి తరములు కనబడవు. నాకు తోచినంతలో ఇద్దఱును తమతమ ఉదాహరణములయందు సరియైనవారే. పద్మముపై రీగుల్ మాట చెల్లును. కుమ్మరి అలపై సెంపరు మాట చెల్లును. ఒకదాని న్యాయమును మఱియొకదానికి పెట్టుటయే నేను చేసిన తప్పు.

మనకును జపానునకును నడుమ నిజమైన బంధుత్వ మొకటి కలదు. నేను లేనిదానిని వెదకుచు ఉన్నదానిని మఱచితిని. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకశాలలు పెట్టిరి. మన తీరమున చిరివేరుతో ఎఱ్ఱను, కరక్కాయ ఇనుపకాటుకలతో నల్లను వేసి చిత్రించిన నూలుబట్టలు డచ్చివారి ఓడలలో తూర్పుదీవులకును, అచ్చటినుండి జపానునకును పోయినవి. 1641 తరువాత రెండు శతాబ్దములకు పైగా జపానులో వర్తకము చేయుటకు ఐరోపావారిలో డచ్చివారికి మాత్రమే, అదియు నాగసాకియొద్ద డెజిమా యను చిన్నదీవిలో మాత్రమే, అనుమతి యుండెను. ఆ సన్నని వాకిట హిందూదేశపు బట్ట దూరినది. దానికి జపానువారు సరసా యని పేరుపెట్టి, చేతెడు ముక్కలనైనను దాచుకొని, తేనీటి పూజలో వాడు పాత్రలకు సంచులుగా కుట్టుకొనిరి. 1778లో సరసా చిత్రములను, వానికి రంగులు వేయు విధములను తెలుపు చేతిపుస్తకమే అచ్చయినది. ఓడల లెక్కలు, పేరు, బట్ట, దానిని చూచి చేసిన నకలు, నాలుగును కలవు. బంధుత్వమన్న నిది. ఈ బట్టలలో వారి మనస్సు దోచినది మన పూవులు, తీగెలు, ఎఱ్ఱరంగు. అల వారికి మొదటినుండియు ఉన్నదే.

జపానువారు ఈ రూపమునకు చేసిన సొంతపని యేదియని అడుగవలెను గాని, ఎవరిచ్చిరని కాదు. వారి పని కాగితములో నున్నది. ఇసే ప్రాంతమున షిరోకో, జికే అను గ్రామములలో, మన కంబళిచెట్టువంటి దాని బెరడుతో చేసిన కాగితములను రెండు మూడు పొరలు చేసి, వగరుపండ్ల రసముతో అంటించి, పొగపెట్టి గట్టిపఱచి, దానిపై చిత్రమును తొలిచి తీయుదురు. ఆ చిల్లుకాగితమును బట్టపై పఱచి బియ్యపుపిండి ముద్దను పూసినచో, ముద్ద అంటినచోట రంగు పట్టదు. వీనిలో షార్కుచేప చర్మమను పేరుగల చిత్ర మొకటి. అర్ధచంద్రాకారపు మొనగల చిన్న ఉలిని వ్రేళ్ల నడుమ త్రిప్పుచు పొడిచిన గుండ్రని చుక్కలే అందంతయు. ఆ చుక్కలు చాపములుగాను, చాపములు ఒకదానిపై నొకటి వాలిన విసనకఱ్ఱలుగాను నిలుచును. అరచేయియంత చోటున వందలకొలది చుక్కలు. ఆడంబరపు దుస్తులపై ప్రభువులు ఆంక్షలు విధించిన కాలమున ఇట్టి సన్నని చిత్రములు వర్ధిల్లినవి: దూరమునకు వట్టి బూడిదరంగు బట్ట, దగ్గఱకు వచ్చిన వానికి సముద్రము. ఈ షార్కు చిత్రము కీషూ ప్రాంతపు తొకుగావా ప్రభువుల సొంతగుర్తు. ఆ ఉలి పట్టిన వారి పేర్లు చాల కాలము ఎవరికిని తెలియవు. 1955లో జపాను ప్రభుత్వము ఈ కాగితపుపనిలో ఆరుగురిని జాతీయనిధులుగా గౌరవించినది.

చిల్లుకాగితము ఒక మూరెడు. బట్ట ఇరువది మూరలకు పైబడినది. కాగితమును ఎత్తి తరువాతి చోట దింపినపుడు గీతకు గీత అతుకవలెను. అందుకై అంచులలో సూదిమొనయంత చిల్లులుంచి, ఒకదాని గుర్తుపై ఒకటి దింపుదురు. పొలుసు చిత్రమున అతుకు ఒక వెండ్రుకవాసి తప్పినను అల విఱిగిపోవును; పువ్వుల చిత్రమున నట్టి తప్పు ఆకుల నడుమ దాగును. ఈ కష్టమును నాకు చక్కగా బోధించినవారు మన పెడనలో అద్దకము పనిచేయు ఒక వృద్ధులు. నా విద్యార్థితో కలిసి వారియొద్దకు పోయి, ఈ చిత్రమును టేకు అచ్చుపై నలుచదరముగా చెక్కించిన చాలునుగదా యంటిని. వారు నా కాగితమును త్రిప్పి త్రిప్పి చూచి, "చేపపొలుసాండీ! నలుచదరంగా చెక్కితే అచ్చు అంచు గీతల్ని అడ్డంగా కోస్తుంది. కలిసిన చోట కన్ను అక్కడే పడుతుంది, మాస్టరుగారూ. పొలుసు ఎలా తిరిగిందో అచ్చు అంచూ అలాగే తిరగాలి" అనిరి. అనగా అతుకును చిత్రపు గీతలోనే దాచవలెను. నేను సంవత్సరము చదివిన పుస్తకములలో ఈ మాట యింత పొట్టిగా ఎచ్చటను లేదు. వారు మూడవ తరగతితో బడి మానినవారు. మన పాఠశాలలలో చిత్రలేఖనపు గంటను లెక్కల ఉపాధ్యాయునికి అరువిచ్చు అలవాటు మనకు బాగుగా కలదు. ఆ రెండును ఒక్క గంటయే యని వారివంటివారు తరగతికి వచ్చి చెప్పినపుడుగాని మనకు తెలియదు.

పాశ్చాత్యదేశములలో 1925 నాటి ప్యారిసు ప్రదర్శనము తరువాత ఈ విసనకఱ్ఱ గోడకాగితములపైకిని, అద్దములపైకిని, మేడల శిఖరములపైకిని ఎక్కినది. 1930లో ముగిసిన న్యూయార్కు క్రైస్లరు భవనపు శిఖరమున ఉక్కుచాపములు ఒకదానిపై నొకటి లేచియుండుట ఛాయాచిత్రములలో చాలమంది చూచియే యుందురు. దానిని గూర్చి ఇచ్చట విస్తరింపను. ఆ పనిలో రూపము యంత్రమున కప్పగింపబడినది; అతుకు కష్టము పోయినది; దానితో పాటు నాకు ఆసక్తియు కొంత పోయినది.

బట్టపై వేసిన పిమ్మట మఱియొక చిక్కు మిగిలియున్నది. చిత్రమునకు మీద క్రింద లున్నవంటిని గదా. జపానువారి కిమోనోలో ఒకే బట్టముక్క ముందునుండి భుజము మీదుగా వెనుకకు పోవును; భుజమున కుట్టుండదు. కావున ఎదుట లేచిన అలలు వీపున తలక్రిందులగును. కొన్ని చిత్రములలో వారు రూపములను కొన్నింటిని నిలువుగాను, కొన్నింటిని తలక్రిందులుగాను చల్లి దీనిని తప్పించుకొందురు. ఒకదాని నొకటి కప్పు అలలలో ఆ ఉపాయము సాగదు. మన చీరకు వచ్చు చిక్కు వేఱు. నడుము చుట్టు బట్ట అడ్డముగా తిరుగును. అంచు నేలను అంటును. పైటకొంగు మాత్రము భుజముపైనుండి వెనుకకు నిలువుగా వ్రేలాడును. కుచ్చిళ్లపై నిలిచిన అల కొంగులో ప్రక్కకు ఒరగి పడుకొనును. మనవారు పైటకొంగునకు వేఱు చిత్రమును, వేఱు దిశను ఏర్పఱచుట కేవలము శోభకొఱకే యని నేను చిరకాలము తలచితిని. ఇప్పుడు ఆ కొంగును చూచినపుడెల్ల అందులో ఒక లెక్క కనబడుచున్నది.

ఈ సంవత్సరము వార్షికోత్సవమున నా పాతమాటను సవరించుకొనుటకు పది నిమిషములు అడిగితిని. బహుమతిప్రదానము ముగిసిన తరువాత ఇచ్చిరి. అప్పటికి సగము బల్లలు ఖాళీ అయినవి. అమరావతి తామర అమరావతిదే యనియు, జపాను అల జపానుదే యనియు, నేను లేని బంధుత్వమును కల్పించితిననియు చెప్పితిని. ముందు వరుసలోని పెద్దమనుష్యు డొకరు దిగివచ్చి, "మొదటి మాటే బాగున్నదండీ" అని పోయిరి. నా విద్యార్థికి మాత్రము ఉత్తరము వ్రాసితిని. అతడు జవాబులో ఆధారముల మాట ఎత్తనే లేదు. పెడనలో తాను వేయించుచున్న చీరకు కొంగున అలలను ఏ వైపునకు త్రిప్పవలెనని అడిగినాడు. ఆ వృద్ధులనే అడుగుమని వ్రాసితిని.